తడవకూడని తూము

మంగరేవు సంతపేటలో నూకరత్నం పిండిమరకి ఏటా ఒక చుట్టం వస్తుంది. పిలవక్కర్లేదు, కబురు పెట్టక్కర్లేదు. నాలుగు చినుకులు గట్టిగా పడితే చాలు, గుమ్మం దాటి లోపలికొచ్చి, మర చుట్టూ తిరిగి, గోనె సంచుల మధ్య కూచుని, పోయేటప్పుడు మోకాలి లోతు బురద వదిలిపోతుంది. వాన నీరు, ఇంకెవరు!

ఇందులో నీటి తప్పేమీ లేదు. సంతపేట పల్లంలో ఉంది. దానికి పడమటివైపు బైపాసు రోడ్డు కట్ట మేడంత ఎత్తున లేచి ఉంటుంది. ఊళ్ళో కురిసిన వానంతా ఆ కట్ట కిందున్న పెద్ద తూములోంచి దూరి, అవతలి కాలవలో పడాలి. ఇనప తూము. మనిషి తల వంచకుండా నడిచిపోయేంత పెద్దది. కాకపోతే అడుగంతా తుప్పు తినేసింది. తుప్పు తిన్నచోటల్లా మట్టి జారి కుప్పపడింది. దాంతో నీరు పాపం తూము దాకా వెళ్ళేది, లోపలి అవతారం చూసేది, వెనక్కి తిరిగొచ్చి నూకరత్నం మరలో కూచునేది.

నిరుడు మోటారు మునిగింది. దాన్ని విప్పి, ఎండబెట్టి, తీగ కొత్తగా చుట్టిన మెకానిక్కు పోతూ పోతూ ఒక మాటన్నాడు. "అక్కా, ఇంకొక్కసారి ఇది నీళ్ళు తాగిందంటే నన్ను పిలవకు. పాత ఇనప సామాన్లవాణ్ణి పిలు." మర ఉన్న పాక మాటకొస్తే, వెనక మట్టి గోడ తడిసి తడిసి పొట్ట ముందుకి తోసుకొచ్చింది. నూకరత్నం మొగుడు సూరిబాబు దానికి తాటిదూలం ఒకటి దాపు పెట్టి, "ఇంక దీనికి ఢోకా లేదు" అని ప్రకటించాడు. సూరిబాబు ప్రకటించినవేవీ అంతవరకూ జరిగిన దాఖలా లేదు. అంచేత నూకరత్నానికి గుండెల్లో రాయి పడింది. ఈ ఏడు కూడా నీరొస్తే మర ఉండదు. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ మర రాళ్ళ చప్పుడు వింటూ బతికిన మనిషి. అది ఆగిపోతే తనేం చెయ్యాలో ఆవిడ ఊహకి కూడా అందలేదు.

అందుకని ఎండాకాలం మొదట్లోనే అర్జీ రాయించుకుని మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్ళింది.

కమిషనర్ పద్మనాభంగారు మంచి మనిషే. కాకపోతే ఏ మాటైనా ఫైల్లోంచి చదువుతున్నట్టే మాట్లాడతారు. ఇంట్లో కూడా కాఫీని "తగు వేడితో సరఫరా చేయవలసినది" అని అడుగుతారని అటెండరు చెప్పుకుంటాడు. ఆయన అర్జీ ఆసాంతం చదివి కళ్ళజోడు తీశారు.

"సదరు తూము విషయమై పై అధికారులు సానుకూలంగా ఉన్నారమ్మా."

"అంటే బాగుచేస్తారాండి?"

"బాగుచేయడం పాత పద్ధతి. మేము ప్రయోగం చేస్తాం."

ప్రయోగం గురించి వివరించే పని ఇంజనీరు ముక్తేశ్వరరావు మీద పడింది. ఆయనకి ఆ మధ్యనే దీని మీద శిక్షణ ఇచ్చి పంపారు. ఆ వేడి ఇంకా తగ్గలేదు. "చూడమ్మా, తవ్వేది లేదు. రోడ్డు ఆపేది లేదు. ఒక మిషను తూములోకెళ్ళి గిర్రున తిరుగుతూ, పూత చిమ్ముకుంటూ వెనక్కొస్తుంది. పూత ఎండిందంటే పాత గొట్టంలో కొత్త గొట్టం తయారైనట్టే. పైన ఇనుం ఉన్నా ఒకటే, తుప్పు తినేసినా ఒకటే. దీన్ని పిచికారీ అంతర్లేపనం అంటారు."

"తవ్వరా?" నూకరత్నం నమ్మలేదు. తవ్వకుండా మున్సిపాలిటీ వాళ్ళు చేసే పని ఒకటుందని ఆవిడ పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"గడ్డపార అంటించం."

"మరి వానల్లోగా అవుతాదాండి?"

"వానలేంటమ్మా, మామిడికాయలు అయిపోయేలోగా అయిపోతుంది."

అన్నట్టే అయిపోయింది. ఇక్కడ మాత్రం ముక్తేశ్వరరావుని మెచ్చుకోవాలి. తూములో మట్టి ఎత్తించాడు, తుప్పు గీకించాడు, మిషను తెప్పించాడు. పెద్ద సంస్థ నుంచి డాక్టర్ కౌండిన్య అనే నిపుణుడు పరీక్షల కోసం దిగాడు. సంతపేటంతా కట్ట మీద నిలబడి చూస్తుండగా మిషను లోపలికెళ్ళి, బుస్సుమని పూత కొట్టుకుంటూ బయటికొచ్చింది. పూత ఎండాక, ఊళ్ళో పెద్దల్ని లోపలికి తీసుకెళ్ళి చూపించారు. అర్జీ పెట్టుకున్న మనిషి కనక నూకరత్నాన్ని కూడా రమ్మన్నారు.

లోపల చూసి ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. తుప్పు లేదు, చిల్లు లేదు, గుంట లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లగా, నున్నగా, కోడిగుడ్డు పెంకు లోపల నిలబడ్డట్టుంది. ఇంక ఈ ఏడు నీరంతా ఇలా జారి అలా పోతుంది. తన మర తనకుంటుంది. ఆవిడకి సంతోషం పట్టలేక కళ్ళంట నీళ్ళొచ్చాయి. దేవుడి పటాన్ని తాకినట్టు ఆ పూత మీద అరచెయ్యి ఆనించింది.

"చెయ్యి! చెయ్యి తియ్యండి!" డాక్టర్ కౌండిన్య కేకేశాడు. "చెమట అంటుతుంది. ఆమె ఏడుస్తున్నారా? ముందు బయటికి తీసుకెళ్ళండి. కన్నీళ్ళు కింద పడనివ్వకండి."

నూకరత్నాన్ని ఇద్దరు బయటికి నడిపించారు. ఇందులో ఏదో పెద్ద శాస్త్రం ఉందనుకుని ఆవిడ చీర చెంగుతో మొహం గట్టిగా అదుముకుంది.

శాస్త్రం ఏమిటో మర్నాడు తేలింది. ఏ పూతనైనా పరీక్షించాలంటే దాంట్లోంచి అరచేతంత ముక్క కోసి, డబ్బాలో పెట్టి సంస్థకి పంపడం ఆనవాయితీ. ఆ ముక్కని నమూనా అంటారు. కానీ ముక్క కోస్తే కొత్త పూతకి చిల్లు పడుతుంది. కొత్త పనికి చిల్లు ఎందుకు పెట్టారని రేప్పొద్దున ఆడిట్‌వాళ్ళు అడిగితే జవాబెవరు చెప్పాలి? ముక్తేశ్వరరావు బుర్ర గోక్కున్నాడు. బుర్ర గోక్కుంటే ఆయనకి ఎప్పుడూ ఏదో ఒకటి తడుతుంది. ముక్క కొయ్యకుండా మొత్తం తూమునే నమూనాగా ప్రకటిస్తూ ఫైలు పెట్టాడు. కమిషనర్‌గారు చూసి "ఉపాయము బాగున్నది" అని రాసి సంతకం చేశారు.

నమూనా అన్నాక దానికో నియమం ఉంది. కమిషనర్‌గారే స్వయంగా సంతపేట జనానికి మైకులో చదివి వినిపించారు. "పరీక్షకై స్వీకరించిన ఏ నమూనా అయినను, ధ్రువపత్రం వెలువడు వరకు, ఇరు కొసలను మూసి, ముద్ర వేసి, నీరు, దుమ్ము, ధూళి సోకకుండా భద్రపరచవలెను."

రాసినవాడు ఎవడోగాని, అరచేతంత ముక్కని డబ్బాలో పెట్టడం గురించి రాశాడు. ఆ సంగతి చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. ముక్తేశ్వరరావుకీ తెలిసింది. అడిగాడు కూడా. దానికి కమిషనర్‌గారు, "నియమంలో సైజు ప్రస్తావన లేదు. ప్రస్తావన లేని చోట మినహాయింపు లేదు" అన్నారు. డాక్టర్ కౌండిన్య, "శాస్త్రం పెద్దదాన్నీ చిన్నదాన్నీ ఒకే కంటితో చూస్తుంది" అన్నాడు. ముగ్గురూ చదువుకున్నవాళ్ళు. ఇద్దరు ఒక మాట మీద ఉన్నప్పుడు మూడోవాడు కాదంటే బాగుండదు.

మేస్త్రీలొచ్చారు. సంతపేటవైపు తూము మూతికి అడ్డంగా ఇటుక గోడ కట్టి, సిమెంటు మెత్తి, గుడ్డ చుట్టి, లక్క ముద్రలు వేశారు. కాలవవైపు మూతికి పరీక్షలవాళ్ళు వచ్చిపోవడానికి ఇనప తలుపొకటి బిగించి తాళం పెట్టారు. 'నమూనా. తడపరాదు' అని బోర్డు రాయించారు.

నూకరత్నం ఆ గోడవైపు చూసింది, ఇంజనీరువైపు చూసింది. "బాబుగారూ, మరి వానొస్తే నీరు ఎటెల్లాలండి?"

"వర్షం ప్రయోగ పరిధిలోకి రాదమ్మా."

"సంతపేటలోకి వస్తాదండి."

"మీరు భలే మాట్లాడతారు సుమా!" అని ముక్తేశ్వరరావు మనస్ఫూర్తిగా నవ్వాడు. "కంగారు పడకండి. ధ్రువపత్రం రావడం ఎంతసేపు? అది రాగానే నేనే దగ్గరుండి గోడ కొట్టిస్తాను. వానల ముందే."

ఆయన అబద్ధమాడే మనిషిలా కనబడలేదు. ఆవిడ ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్ళింది.

పరీక్షలు మొదలయ్యాయి. చిన్న సుత్తితో పూత మీద తట్టి చప్పుడు విన్నారు. మందం కొలిచారు. చక్రాల మీద కెమెరా నడిపించి ఫొటోలు తీశారు. పైన రోడ్డు మీద కంకర లారీలు వరసగా నిలబెట్టి, కింద పూత బీటిచ్చిందా అని టార్చిలైట్లు వేసి వెతికారు. ఇవ్వలేదు. అన్నిట్లోనూ తూము ఫస్టు క్లాసులో పాసయింది. నీళ్ళు వదిలే పరీక్ష ఒకటి మాత్రం పెట్టలేదు. నీళ్ళు తగిలితే నమూనా చెడిపోతుందిగదా మరి!

ఇంతలో తూముకి పేరొచ్చింది. పక్క ఊళ్ళ మున్సిపాలిటీలవాళ్ళు బస్సులు వేసుకుని చూడ్డానికి రాసాగారు. కాలవవైపు చెప్పులు విప్పి, కాళ్ళకి గుడ్డ సంచులు తొడుక్కుని, లోపలికెళ్ళి, "ఆహా, ఎంత పొడిగా ఉంది!" అని మెచ్చుకునేవారు. తూము అంటే నీరు పారాలన్న ఆలోచన వాళ్ళలో ఎవరికీ వచ్చినట్టు లేదు. మా ఊళ్ళో కూడా ఒకటి పెట్టుకుంటాం, రూల్సు ఇమ్మని కమిషనర్‌గారిని అడిగి రాసుకున్నారు. వచ్చినవాళ్ళని తిప్పి చూపించడానికి సూరిబాబుని పెట్టారు. మెళ్ళో ఒక కార్డు వేలాడేసేసరికి అతని మాటతీరే మారిపోయింది.

"రత్తం, ఇయాల నాలుగూళ్ళ చైర్మన్లొచ్చారు తెల్సా? మన తూము అంటే బయట ఎంత మర్యాదనుకున్నావ్!"

"మర్యాదకేం గాని, గోడ ఎప్పుడు కొడతారో అడిగావా?"

"ఛ ఛ, అంత పెద్దోళ్ళని పట్టుకుని అలాంటివి అడుగుతామేటి?"

నూకరత్నానికి ఒళ్ళు మండింది. మండినా పిండి ఆడించే వేళ కావడంతో మాట పెంచలేదు. తీరా మర స్విచ్చి వేసి పట్టుమని గంట కాలేదు, ముక్తేశ్వరరావు, కౌండిన్య గుమ్మంలో నిలబడ్డారు. కౌండిన్య గాల్లో ఎగురుతున్న పిండిని వేలితో పట్టి, కళ్ళ దగ్గర పెట్టి చూసుకున్నాడు.

"ఇది నమూనాకి ఎంత దూరం?"

"ఎదురుగానే సార్, ఆ గోడే."

"ఇంజనీరుగారూ, ఇది దుమ్మా, ధూళా?"

ముక్తేశ్వరరావు ఇరకాటంలో పడ్డాడు. "గోధుమపిండి సార్."

"నియమం దుమ్ము, ధూళి రెండూ అంది. ఏదో ఒకదాని కిందికి వస్తుంది."

నూకరత్నం స్విచ్చి మీద చెయ్యి వేసింది. "అయ్యా, మర ఆపమంటారా? నా మర మునక్కండా ఉంటాదనే గదా నేను అర్జీ ఎట్టుకుంది!"

"ఆపమని ఎవరన్నారమ్మా?" కౌండిన్య ఎంతో దయగా అన్నాడు. "ఆడించుకోండి. పిండి మాత్రం రానివ్వకండి."

ఆ రోజు నుంచి పాకకి అన్నివైపులా పట్టా కట్టించారు. లోపల ఊపిరాడక, చెమటతో పిండి ఒంటికి ముద్దలు కట్టుకుని, నూకరత్నం పాత ఖాతాలవాళ్ళకి మాత్రం ఎలాగో ఆడించి పంపేది. ఆవిడ బాధ చూసి కమిషనర్‌గారు ఊరుకోలేదు. నమూనా సంరక్షణ సంఘమొకటి వేసి, ఆవిడనే అధ్యక్షురాలిగా నియమించారు. దండేశారు. ఫొటో తీశారు. మొదట్లో ఆవిడ చిరాకుపడింది గాని, ఎదురింటి పాపాయమ్మ, "ఏమే అధ్యక్షురాలా!" అని పిలిచినప్పుడు మాత్రం ఎక్కడో కాస్త బాగానే అనిపించింది. దాచుకోవడమెందుకు, అనిపించింది. రోజూ పొద్దున్నే గోడ ముందు చీపురు పట్టి ఊడవడం కూడా మొదలెట్టింది. పిల్లలు ఆ గోడకి బంతి కొడితే కేకలేసేది. ఎవరో మేకని ముద్రల దగ్గర కట్టేస్తే, తనే వెళ్ళి విప్పి తోలేసింది.

మామిడికాయలు అయిపోయాయి. ధ్రువపత్రం రాలేదు. తూర్పున మబ్బు పట్టింది.

నూకరత్నం పరుగున ఆఫీసుకెళ్ళింది. ఈసారి ముగ్గురూ ఒకే గదిలో దొరికారు.

"ఇంక కొట్టించండి బాబూ గోడ. మబ్బెలా ఉందో చూశారా?"

ముక్తేశ్వరరావు తలొంచుకున్నాడు. కౌండిన్య గొంతు సవరించుకున్నాడు. "ధ్రువపత్రం ఇవ్వాలంటే ఒక వర్షాకాలం పరిశీలన తప్పనిసరి అని సంస్థవారు స్పష్టం చేశారు. ఒక వర్షాకాలమంతా నమూనా ఎలా నిలబడిందో చూడాలి."

నూకరత్నం మొహం విప్పారింది. "మంచిదేగదండి! అయితే నీరు వదుల్తారన్నమాట!"

"నీరు తగిలితే నమూనా చెల్లదు."

"మరి వానాకాలంలో ఏటి చూస్తారండి?"

"పొడిగా ఉందా లేదా అని చూస్తాం."

ఆవిడ కమిషనర్‌గారివైపు తిరిగింది. కనీసం ఈయనైనా మనిషి మాట ఒకటి అంటాడేమోనని ఆశ. ఆయన కుర్చీలో సర్దుకుని కూచున్నారు.

"వర్షాల దృష్ట్యా యంత్రాంగం అప్రమత్తంగా ఉన్నదమ్మా. మున్సిపాలిటీ వద్దనున్న ఇసుక బస్తాలన్నింటినీ సంతపేటకు తరలించవలసిందిగా ఇప్పుడే ఆదేశించాను."

నూకరత్నం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఇంటికొచ్చేసరికి నిజంగానే ట్రాక్టర్లు దిగి ఉన్నాయి. కూలీలు బస్తాలు మోస్తున్నారు. మోసి, తూముకి కట్టిన గోడ చుట్టూ పేరుస్తున్నారు. గోడ తడిసి, ఆ చెమ్మ లోపలికి దిగుతుందేమోనని అనుమానమట.

"ఒరే నాయనా, ఆ నాలుగు బస్తాలూ నా మర గుమ్మంలో వెయ్యండ్రా!" అని ఆవిడ ట్రాక్టరు వెంట పడి అడిగింది.

"అధ్యక్షురాలమ్మగారూ, నమూనాకే చాలట్లేదండి" అన్నాడు మేస్త్రీ మర్యాదగా.

మర్నాడు తెల్లారుతూనే వాన దిగింది. ఏదో కురిసి పోయే వాన కాదు. బిందెలతో దిమ్మరించినట్టు ఏకధాటిగా కొట్టింది. ఎగువ వీధుల నీళ్ళు, బజారు నీళ్ళు, బస్టాండు నీళ్ళు, అన్నీ అలవాటైన దారిన సంతపేటకొచ్చి, అలవాటైన తూము దగ్గరికెళ్ళి, గోడని గుద్దుకుని ఆగిపోయాయి. వెనకటి రోజుల్లో తుప్పుపట్టిన తూములోంచే సగం నీరైనా కారిపోయేది. ఈసారి చుక్క పోలేదు. పని అంత గట్టిగా చేశారు.

నీరు మర మెట్టెక్కింది. నూకరత్నం పట్టా చింపేసి అరిచింది. సూరిబాబు మెళ్ళో కార్డు తీసి పారేశాడు. ఎంత సోగ్గాడైనా ఆ వేళకి మొగుడనిపించుకున్నాడు. నలుగురు సాయం పట్టి మోటారు విప్పి, నవారు మంచం మీద పెట్టి కట్ట పైకి మోసుకుపోయారు. మర రాళ్ళు ఎవరు మోస్తారు? అవి అక్కడే ఉండిపోయాయి. మట్టి గోడకి దాపు పెట్టిన తాటిదూలం నీళ్ళలో తేలుతూ పాకలోంచి బయటికి పోవడం ఆవిడ కళ్ళారా చూసింది.

కట్ట మీద సంతపేటంతా నిలబడి తడుస్తోంది. తలదాచుకోవడానికి బడిలో చోటుందన్నారు. వెళ్ళి చూస్తే బడి కూడా మునిగింది. కమిషనర్‌గారు గొడుగు కింద నిలబడి, కట్ట అవతల కాలవవైపు ఉన్న ఇనప తలుపువైపు చూశారు. ఊరు మొత్తం మీద పొడిగా ఉన్న చోటు అదొక్కటే.

"పునరావాస కేంద్రంగా నమూనాను వినియోగించుటకు వీలగునా?" అని ఆయన ఫోనులో కౌండిన్యని అడిగారు. కౌండిన్య ముందురోజు సాయంత్రమే సంస్థకి వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచే ఒక దారి చూపించాడు. మనుషులు లోపలికి రావడానికి నియమం ఒప్పుకోదు. కానీ భారం పెట్టి పరీక్షించడానికి ఒప్పుకుంటుంది. పైభారం లారీలతో చూశారు. లోపలి భారం ఇంతవరకూ చూడలేదు.

ఆ విధంగా సంతపేట వీధి వీధంతా లోపలి భారం కింద తూములో చేరింది. తలుపు దగ్గర ముక్తేశ్వరరావు స్వయంగా తుండుగుడ్డ పట్టుకుని, ఒక్కొక్కళ్ళ కాళ్ళూ తుడిచి లోపలికి పంపించాడు. పాపం ఆయన లోపలి భారం కాదు కాబట్టి వానలోనే నిలబడ్డాడు. మోటారుని మంచంతో సహా లోపలికి చేర్చారు. నూకరత్నం దాని పక్కనే చతికిలబడి, పొడి గుడ్డ అడిగి తెప్పించుకుని, తుడిచిందే తుడిచింది. లోపల ఎక్కడా చెమ్మ లేదు. ఇటు చివర తలుపు, అటు చివర గోడ. ఆ గోడకి అవతల సంతపేట మొత్తం నీళ్ళలో నిలబడి ఉంది.

మధ్యాహ్నానికి జిల్లా నుంచి ఫోనొచ్చింది. నీరు ఎగువ వీధుల్లోకి ఎగదన్నుతోంది, వెంటనే గోడ తొలగించి వదిలెయ్యండి అన్నారు. అయితే లోపల జనం ఉన్నారు గనక వారి సమ్మతి తీసుకుని చెయ్యమన్నారు. కమిషనర్‌గారు తలుపు దగ్గర నిలబడి మైకు పట్టుకున్నారు. ఆయన వెనక ఎగువ వీధుల జనం, గునపాలతో, మోకాళ్ళదాకా బురదతో నిలబడ్డారు. అందరికంటే ముందు పాపాయమ్మ ఉంది. పొద్దున పై వీధిలో కూతురింటికి పోయింది. ఇప్పుడు అక్కడా నీళ్ళొచ్చేశాయి.

"నూకరత్తం! బయటికి రండే అందరూ. గోడ కొట్టేస్తే గంటలో నీరు తీసేస్తాది. మా అమ్మాయి ఇంట్లో మంచాలు తేలతన్నాయే!"

తూములో ఎవరూ కదల్లేదు. బయట వాన కుండపోతగా పడుతోంది. తలుపు దాటితే నెత్తి మీద కప్పు లేదు. నూకరత్నం మోటారువైపు చూసింది. ఇది బయటికి పోతే మళ్ళీ తడుస్తుంది. ఇంకా తడిస్తే ఇనప సామాన్లవాడికే. గోడ కొట్టాక ఇక్కడే ఉంటే కొట్టుకుపోతుంది. ఎటు చూసినా ఒకటే దారి కనబడింది.

"సంఘం అధ్యక్షురాలిగా మీ అభిప్రాయం నమోదు చేయవలసి ఉన్నది" అన్నారు కమిషనర్‌గారు. "నమూనా తెరవవచ్చునా?"

ఆ మాట కోసం ఎండాకాలం మొత్తం చెప్పులరిగేలా తిరిగిన మనిషి. మోటారు మీద చెయ్యి వేసి, "ఇప్పుడొద్దండి" అంది.

వెనకనుంచి తూము తూమంతా "వద్దు, వద్దు" అని అందుకుంది. నున్నటి గోడల మీద ఆ కేక అటూ ఇటూ దొర్లి, చాలాసేపటికి గాని ఆగలేదు. కమిషనర్‌గారు తలూపి, ప్రజలు ముక్తకంఠంతో వ్యతిరేకించారని రాయించారు.

పాపాయమ్మ తలుపు అంచు పట్టుకుని లోపలికి వంగింది. కోపంగా అడగలేదు. నిజంగా అర్థంకాకే అడిగింది. "రాళ్ళు నీళ్ళలో ఉన్నాయి, పాక నీళ్ళలో ఉంది. అవి పోయాక ఈ మోటారెట్టి ఏం ఆడిస్తావే?"

నూకరత్నం చెయ్యి మోటారు మీదినుంచి తియ్యలేదు.

అప్పుడే గోడకి అవతల, నీళ్ళలో ఏదో బరువైనది ఒరిగి కూలింది. మట్టి గోడ, దాని వెంట పాక కప్పు, దాని వెంట రాళ్ళు ఒకదాని మీద ఒకటి. బయట వినబడే దానికంటే ఎక్కువగా, ఆ చప్పుడు తూములో ఈ కొసనుంచి ఆ కొసదాకా దొర్లింది. సూరిబాబు లేచి నిలబడ్డాడు. నూకరత్నం లేవలేదు. ఆ రాళ్ళ చప్పుడు ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. మోటారు మీద తలానించి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"అమ్మా, కాస్త ఇటు తిరిగి ఏడవండి, కింద పడుతున్నాయి" అన్నాడు ముక్తేశ్వరరావు మెల్లిగా, తుండుగుడ్డ అందిస్తూ. అతని కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. ఇంతలో చేతిలో ఫోను మోగింది. కౌండిన్య. పెద్ద చప్పుడొచ్చిందని కమిషనర్‌గారు ఫోను చేసి చెప్పారట, ఏమైందని అడుగుతున్నాడు. ముక్తేశ్వరరావు టార్చిలైటు వేసి, తూము పైభాగమూ, పక్కలూ, ఆ చివర గోడా జాగ్రత్తగా చూసి వచ్చాడు.

"ఏం లేదు సార్. పూత మీద గీత కూడా పడలేదు."